మూడు బంతుల వీడియో

"మీ వీడియోలు సూసినాకనే డేట్ పెట్టించినా. రేపే ఆపరేషన్," అనింది డాక్టర్ హరిత.

కుప్పం ఆస్పత్రిలో ఆ మాటకు సంతోషపడాల్సిన భానుప్రకాశ్ తల దించుకున్నాడు.

వాళ్ల నాయన మునిరత్నం మదనపల్లె టమోటా మండీలో పెద్ద గొంతున్న మనిషి. ఊపిరితిత్తిలో గడ్డ. మత్తు డాక్టరైన హరిత ఒక ప్లాస్టిక్ గొట్టం ఇచ్చింది. గాలి పీలిస్తే అందులో మూడు బంతులు పైకి లేవాల. రోజూ వీడియో పంపమనింది.

"థూ, బిడ్డోళ్ల ఆట!" అని పెద్దాయన దాన్ని ముట్టనే లేదు. పుంగనూరు ఇంట్లో కూర్చుని భానే పీల్చి, బంతులు మాత్రం కనపడేట్టు వీడియో తీసి పంపినాడు. 'సూపర్' అని హరిత జవాబు. ఆ ఒక్క మాట కోసం పదిహేను రోజులూ అదే పని. ఎంత సిగ్గుమాలిన పని!

"వీపులో నరాల దగ్గర మందు ఇస్తాను, నొప్పి తెలీదు," హరిత పెద్దాయనకు చెప్తాండాది. "కానీ ఆపరేషన్ అయ్యేంత సేపూ ఒక ఊపిరితిత్తిని ఆపుతాం. రెండోదే అంతా మోయాల. నొప్పి నేను సూసుకుంటా. ఊపిరి మాత్రం మీదే."

భాను అడ్డం వచ్చినాడు.

"ఆపండి మేడమ్! పీల్చింది నేను."

"ఏందీ?"

"మీ మెసేజ్ వస్తాదని... మీరంటే ఇష్టం మేడమ్. దానికోసం నాయన ప్రాణంతో ఆడుకున్నా."

హరిత మొహం ఎర్రబడింది. "కన్న తండ్రిని సంపుకుంటావా ఏమప్పా నువ్వు?"

విసురుగా తలుపు దాకా పోయి ఆగింది. "తప్పు నాది కూడా. మనిషిని సూపించమని అడగాల్సింది. నీ మెసేజ్ రాంగానే నేనూ మురిసిపోయి..." మాట మింగేసి, ఆపరేషన్ వాయిదా వేయించేదానికి వెళ్లిపోయింది.

మునిరత్నం కొడుకును తిట్టకుండా గొట్టం చేతికి తీసుకున్నాడు. భానుకు అదే ఎక్కువ కాలింది. తర్వాత మూడు వారాలూ మండీలో అందరూ నవ్వుతాండినా, పెద్దాయన గొట్టం నోట్లో పెట్టుకునే కూర్చున్నాడు.

ఆపరేషన్ అయిన మర్నాడు హరిత వచ్చి, "గట్టిగా దగ్గండప్పా," అనింది. పెద్దాయన భయపడతానే దగ్గినాడు. నొప్పి లేదు.

భాను గోడ పక్కన నక్కినాడు.

"ఈడికి రా," పిలిచింది హరిత. "మీ నాయన గండం దాటినాడు."

"నన్ను క్షమిస్తారా?"

"కోపం ఇంకా పోలేదు. మీ నాయన ఇంటికి చేరినాక వచ్చే ఆదివారం మా అమ్మను తీసుకుని పుంగనూరు వస్తాండా. ఆమె ముందర జరిగిందంతా నువ్వే చెప్పాల. విన్నాక కూడా ఆమె ఈ సంబంధానికి సరే అంటే, అప్పుడు సూద్దాం."

భాను తల ఊపినాడు.

"సగం నేను చెప్తాలేమ్మా," మంచం మీంచి మునిరత్నం గొంతు. "గొట్టం ముట్టనోణ్ణి నేనే గదా."

భాను నాయన చెయ్యి పట్టుకుని ఏడ్చేసినాడు.