ఖాజీ గారి ఇంట్లో అబద్ధం

అరబ్బు దేశంలోని రుస్తాఖ్ కోట దాటి ఖర్జూరపు తోటల్లోకి పోతే ఖాజీ గారి పాత ఇల్లు వస్తుంది. చీకటి పడ్డాక ఆ ఇంట్లో నోరు విప్పకూడదని అక్కడ అందరూ అంటారు. విప్పితే నిజమే చెప్పాలట. అబద్ధమాడితే... పైనుంచి ఒక దెబ్బ వినబడుతుంది. టక్.

మట్టి ఇటుకల ఇల్లు అది. చేయి చాపినంత మందం గోడలు, ఖర్జూరపు దూలాల పైకప్పు. పెద్ద తలుపులోనే ఇంకో చిన్న తలుపు — ఎంతటి మొనగాడైనా తల వంచుకునే లోపలికి రావాలి. లోపలికి రాగానే నెత్తిమీద, కప్పులో, సన్నని కంత. వెనకటికి శత్రువులు తలుపుకు నిప్పు పెడితే పైనుంచి నీళ్లు కుమ్మరించడానికి పెట్టుకున్నది.

ఆ ముందుగదిలోనే, గోడ గూళ్లలో గ్రంథాలు పేర్చుకుని, ఖాజీ గారు తగువులు తీర్చేవారు. సాక్షి అబద్ధమాడితే టక్. ఆయనకు ఒక జిన్ను ఊడిగం చేసేదని జనం చెప్పుకునేవారు. ఖాజీ గారు పోయి చాలా ఏళ్లైంది. జిన్ను మాత్రం ఇంకా రిటైరు కాలేదు.

మొన్నామధ్య దానిష్ అనే టైలరు ఆ గది అద్దెకు తీసుకున్నాడు. ఫోన్లో ఎవరు అడిగినా “రేపు ఇచ్చేస్తా” అనడం అతని అలవాటు. అన్నప్పుడల్లా టక్. పాపం, కుట్టుమిషను నెత్తిన పెట్టుకుని మరీ పారిపోయాడు.

ఇక మన లెవి సంగతి. నరసాపురం అబ్బాయి, రుస్తాఖ్‌లో ఒక ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీస్తాడు. ప్రార్థన కూటాల్లో దెయ్యాలను గద్దించడంలో పెట్టింది పేరు. అయితే అవన్నీ పట్టపగలు వచ్చే దెయ్యాలు.

ఆ శుక్రవారం అతని భార్య జూలీ వస్తోంది. పెళ్లయ్యాక ఇద్దరూ కలిసి ఉన్నది ఒక్క నెలే. ఇన్నాళ్లూ రానని మొండికేసిన పిల్ల, “మంచి ఫ్లాటు తీసుకున్నా, ఆరు నెలలుగా అందులోనే ఉంటున్నా” అని లెవి చెప్పాకే ఊళ్లో తన నర్సు ఉద్యోగం మానేసింది. లెవి ఉంటున్నది మాత్రం కంపెనీ రూమ్‌లో, ఆరుగురిలో ఒకడిగా, పై మంచం మీద. చేతిలో ఉన్నది రెండు రోజులు. అతని జీతానికి దొరికే ఇల్లు ఇదొక్కటే.

ఖాజీ గారి మనవడు హమూద్ ఆ రూమ్ సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. తర్వాత హిందీలో నెమ్మదిగా చెప్పాడు.

“ఒక్క రాత్రి పడుకో. పొద్దున్నకి కూడా కావాలంటే ఇల్లు నీదే. పైకి మాత్రం ఎక్కొద్దు, ఇటువైపు మెట్లు కూలిపోయాయి.”

హమూద్ వాళ్ల కొత్త ఇల్లు ఆ పాత గోడనే ఆనుకుని ఉంది. ముసలి నాయనమ్మ, పిల్లలు, పనిమనుషులు అంతా అందులోనే. ఆ ధైర్యంతో లెవి సరేనన్నాడు.

రాత్రి ఇషా నమాజు ముగిసింది. తోటలో అలికిడి ఆగిపోయింది. లెవి చాప పరిచి, బైబిలు తలగడ కింద పెట్టుకుని, ఎందుకైనా మంచిదని పైకే అన్నాడు — “నాకేం భయం లేదు.”

టక్.

లెవి కదల్లేదు. గోడమీద బల్లి కూడా కదల్లేదు.

అంతలో ఫోను మోగింది. జూలీ. స్పీకరు పెట్టి ఫోను చాప మీద ఉంచాడు.

“ఏవండీ, పెట్టె సర్దేశాను. మన ఫ్లాటులోనే ఉన్నారా?”

“ఆ... ఫ్లాటులోనే.”

టక్.

“ఎవరండీ తలుపు కొడుతున్నారు?”

“పైనెవరో... పిల్లలు ఆడుకుంటున్నారు.”

టక్.

“ఏంటండీ, మీ గొంతు అదోలా ఉంది. అసలు ఆ ఇల్లు మనదేనా?”

“మనదే జూలీ. ఆరు నెలల్నుంచీ...”

టక్. టక్. టక్.

లెవికి చెమటలు పట్టాయి. అరబ్బీ జిన్నుకు తెలుగు ఎలా అర్థమవుతోంది? ఎక్స్‌రేలో ఎముకలు కనబడ్డట్టు తన మాటలు దానికి లోపలిదాకా కనబడుతున్నాయా? గద్దింపు ప్రార్థన మొదలుపెడదామంటే మొదటి మాట గుర్తుకు రాదు. తలుపు వైపు పాకుదామంటే, ఆ కంత సరిగ్గా తలుపు మీదే ఉంది.

ఆ కంతలో... ఏదో కదిలింది.

గాజులు గలగలమన్నాయి. చీకట్లోంచి ఒక గుసగుస మెల్లగా కిందికి దిగింది.

“ఆ పాపకు నిజం చెప్పేయ్ నాయనా. కొట్టీ కొట్టీ ఈ ముసలి జేజికి చెయ్యి నొస్తాంది.”

తెలుగు. అచ్చం కడప తెలుగు.

లెవి ఫోను లైటు పైకెత్తాడు. కంత అవతల రెండు ముఖాలు కనిపించాయి. ఒకటి ముడతలు పడ్డ ముసలి ముఖం, పక్కనే చేతికర్ర. రెండోది మన దేశపు ముఖం, నుదుట బొట్టుతో.

ఆమె రామసుబ్బమ్మ, హమూద్ వాళ్లింట్లో పనిచేస్తుంది. ముసలామె జాహిదా, ఖాజీ గారి భార్య, హమూద్ నాయనమ్మ. కొత్తింటి డాబా మీదుగా ఇద్దరూ ఇటు వస్తారట. మొగుడు తగువు వింటుంటే, ఆమె పైనుంచి సాక్షుల అబద్ధాల్ని కనిపెట్టి కర్రతో నేల మీద కొట్టేదట. ఊరి ఆడవాళ్లు ఆమెకు చెప్పని గుట్టు లేదు మరి. ఇప్పుడు ఆయన కూర్చున్న గదిని అబద్ధాలకోరుకు ఇవ్వడం ఆమెకు ఇష్టం లేదు. లెవి రూమ్ సంగతి హమూద్ ఆమెకు ముందే చెప్పాడట. లెవి తెలుగు మాటల్ని రామసుబ్బమ్మ ఎప్పటికప్పుడు అరబ్బీలో చెవిన వేస్తోంది. ఇదంతా ఆవిడే ఆ కంతలోంచి రెండు ముక్కల్లో చెప్పేసింది.

“ఎవరండీ ఆ అమ్మగారు?” జూలీ గొంతు మారింది. “ఏం నిజం?”

లెవి చెప్పాడు. ఆరుగురి రూమ్ సంగతీ, పై మంచం సంగతీ, తాను పంపిన ఫ్లాటు ఫోటో స్నేహితుడిదన్న సంగతీ. ఇంకా దొరకని ఈ మట్టి ఇంటి సంగతీ చెప్పాడు. “నువ్వు రాకుండా ఉంటావేమోనని భయమేసింది జూలీ. నువ్వు లేకుండా ఇంక నావల్ల కాదు.”

పైన కర్ర చప్పుడు లేదు.

ఫోనులో జూలీ అంది.

“నాకేం కోపం లేదండీ. శుక్రవారం వస్తున్నాను.”

టక్.

లెవి గుండె ఆగినంత పనైంది. ఆ దెబ్బ ఏ మాటకు? కోపానికా... రావడానికా?

మెడ ఎత్తి, ఏడుపు గొంతుతో అడిగాడు. “అమ్మా... దేనికమ్మా అది?”

పైన అరబ్బీలో ఏదో గుసగుస, ముసలి నవ్వు ఒకటి. ఆ తర్వాత రామసుబ్బమ్మ అంది.

“మొదటిదానికేలే నాయనా. పండుకో.”