శకుంతలమ్మ పేరున

ఆదివారం... అమావాస్య... సాయంత్రం నాలుగున్నర! రాహుకాలం సరిగ్గా అడుగుపెట్టిన ఘడియ!

పూతలపట్టు దాటాక తిరుపతి రోడ్డు పక్కనున్న మామిడి తోపుల మీదికి కారుమేఘం దిగింది. కొండల గుండెలదిరేలా ఉరుము ఉరిమింది! పట్టపగలే, ఆకుల చాటున ఎక్కడో ఒక గుడ్లగూబ కూసింది... ఒకసారి... రెండుసార్లు... ఆ కూత విన్న మేకల కాపరి ఒకడు మందను మళ్లించుకుని ఇంటిదారి పట్టాడు.

రోడ్డు మీద నత్తనడకన వస్తున్న తెల్ల కరెంటు కారులోకి కూడా ఆ కూత వినిపించింది. చార్జింగ్ మిగులుతుందన్న ఆశతో లోహిత ఏసీ ఆపేసి అద్దాలు దించుకుంది మరి. కానీ ఆమె ధ్యాస కూత మీద లేదు. స్టీరింగ్ పక్కనున్న తెర మీద ఎర్రగా వెలుగుతున్న అంకె మీద ఉంది. నాలుగు శాతం.

తిరుపతి ఆస్పత్రిలో ఆమె తల్లి శకుంతలమ్మ గొంతులో గొట్టంతో, యంత్రం పోసే ఊపిరితో పడి ఉంది. "ఈ రాత్రి దాటేది కష్టం, రావలసినవాళ్లను పిలిపించుకోండి" అని డాక్టరు చెప్పిన మాటను తమ్ముడు మునిప్రసాద్ పొద్దున ఫోన్లో చెప్పాడు. లోహిత బెంగళూరు నుంచి ఉన్నపళంగా బయలుదేరింది. అమ్మ కళ్లలో ప్రాణం ఉండగా ఒక్కసారి కనపడాలి. అంతకు మించి ఆమె ఏ దేవుణ్నీ ఏమీ అడగలేదు.

కారులో ఉన్నది సగం చార్జింగే. అయితేనేం, దారిలో మూడు చార్జింగ్ స్టేషన్లున్నాయని ఫోన్ చెప్పింది. మూడూ పచ్చగా వెలుగుతున్నాయి. మాటలు కోటలు దాటుతాయి, చేతలు గడప దాటవు! పలమనేరులో చార్జింగ్ గన్ను పెడితే మూడు నిమిషాలు ఎక్కడం, తప్పు అని చూపించి ఆగిపోవడం. అలా ఐదుసార్లు. బంగారుపాళెంలో లైను రిపేరు, కరెంటే లేదు. చిత్తూరులో అన్నీ సవ్యంగానే ఉన్నాయి గానీ, మిషనుకు అడ్డంగా మామిడికాయల ట్రాక్టరు నిలబెట్టి డ్రైవరు ఎటో పోయాడు. అరగంట కేకలు వేసింది. ఎవడూ రాలేదు. కారు వదిలేసి బస్సెక్కుదామా అనుకుంటూ ఉండగా, పూతలపట్టు అవతల ఇంకొకటి ఉందని ఫోన్ చూపించింది. బస్సు కంటే అదే త్వరగా తేలుతుందనుకుంది పాపం. పెనం మీంచి పొయ్యిలో పడబోతున్నానని ఆమెకేం తెలుసు!

తోపు అంచున రేకుల పందిరి. పందిరి కింద నడుమెత్తు సిమెంటు దిమ్మె మీద ఒకే ఒక్క చార్జింగ్ మిషను. దిమ్మె చుట్టూ కుంకుమ గీతలు, పిండిన నిమ్మకాయలు, నాలుగు మూలలా ఇనుప మేకులు. లోహిత చూసింది, కానీ అనుమానించలేదు. మన దగ్గర పిండిమరకూ పూజ చేస్తాం, లారీకీ పూజ చేస్తాం, దీనికి మాత్రం ఎందుకు చేయరు?

ఆ దిమ్మె కింద మూడడుగుల లోతున... ఒక నరకపాలం! దాని కంటి గుంతల్లోంచి రాగితీగలు పైకి పాకి మిషను గర్భంలోకి చేరాయి! ఆ మిషను యజమాని గుణశేఖర్ పిలవకుండానే ఎదురొచ్చాడు. చూపుకు నలభై ఏళ్లవాడిలా కనిపిస్తున్నాడు. ఒక్క వెంట్రుకైనా నెరవలేదు. కానీ వాడు పుట్టి నూటముప్పై ఏళ్లు దాటింది! ఈ చోటనే ఒకప్పుడు ఎడ్లబండ్లకు కందెన పూసేవాడు. తరువాత పంచరు కొట్టు పెట్టాడు. ఇప్పుడు ఇది. దారిలో ఆగిపోయి, ఆత్రంలో ఉన్న మనుషులే ఆ దుష్టుడి పంట. ఒకరి ఆయుష్షును పీల్చి ఇంకొకరి బండికి కొంచెం పోసి, మిగిలింది తాను తాగుతాడు.

వాడి వెనుక, పందిరి గుంజను ఆనుకుని జుట్టు విరబోసుకున్న ఒక ఆడమనిషి కూర్చుంది. వాడి భార్య సిద్ధమ్మ. రెప్ప వేయడం లేదు, మాట్లాడడం లేదు. వాడు పీల్చే ప్రాణాలన్నీ ముందు ఆ శరీరంలోంచే పారాలి. అందుకే ఆమెకు తనదంటూ ప్రాణం మిగల్లేదు.

"రా పాపా, రా. ఈడ కరెంటు ఎప్పుడూ పోదు" అన్నాడు గుణశేఖర్ తీయగా.

"ఎంతసేపు పడుతుందన్నా? మాయమ్మ ఆస్పత్రిలో ఉండాది. చానా అర్జెంటు. దోవలో మూడు చోట్లా చార్జింగ్ దొరకలేదు."

"అరగంట సాలు. దోవలో ఇన్ని అడ్డాలొచ్చినాయంటే బండికి దిష్టి తగిలుండాది పాపా. నిమ్మకాయ తిప్పి చిన్న పూజ సేస్తా. ఎవురి పేరున సేయమంటావు?"

గుళ్లో అర్చనకు నిలబడి పూజారి పేరడిగితే మనలో ఎంతమంది సొంత పేరు చెప్పుకుంటారు? ఇంట్లో ఎవరికి జ్వరమొస్తే వాళ్ల పేరే నోటికొస్తుంది. ప్రేమ ఉన్న ఏ మనిషైనా చేసే పనే అది. లోహితా అదే చేసింది.

"మాయమ్మ పేరున చెయ్యన్నా. శకుంతలమ్మ. మూలా నక్షత్రం."

"ఆయమ్మను కన్నతల్లి పేరు?"

అయ్యో! గోత్రం అడిగేవాడు పూజారి... కన్నతల్లి పేరడిగేవాడు మంత్రగాడు! చిత్తూరు జిల్లాలో ఏ ముసలమ్మను అడిగినా చెబుతుంది ఈ సంగతి. బెంగళూరులో పన్నెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్న లోహితకు అది గుర్తు లేదు.

"తాయమ్మ" అని చెప్పేసింది.

గుణశేఖర్ పెదవులు కదిలాయి. నిమ్మకాయ కారు చుట్టూ తిరిగి ముందు చక్రం కింద నలిగింది. గన్ను కారులోకి దూరి టక్కుమని బిగుసుకుంది. ఐదు... ఏడు... పది! పొద్దుననుంచి ఏ మిషనూ చేయని పని ఇది చేస్తోంది! లోహిత చేతులు జోడించి ఆకాశానికి మొక్కింది. అప్పుడే ఫోన్ మోగింది.

"అక్కా, యాడుండావు?" అన్నాడు మునిప్రసాద్. "ఇంతసేపూ నిలకడగా ఉండె. ఇప్పుడు ఉన్నట్టుండి బీపీ పడిపోతా ఉండాదంట. బిన్నా రా అక్కా, తొందరగా రా!"

"చార్జింగ్ ఎక్కతా ఉండాదిరా. గంటన్నరలో నీ ముందరుంటా. అమ్మకు చెప్పు, వచ్చేస్తా ఉండానని చెప్పు!"

పదిహేను... ఇరవై... ఉరుము మీద ఉరుము! గాలికి మామిడి కొమ్మలు పెళపెళా విరుగుతున్నాయి! హఠాత్తుగా గుంజ దగ్గరున్న సిద్ధమ్మ తల వెనక్కి వాలిపోయింది... కనుగుడ్లు తిరగబడి తెల్లగా మిగిలాయి... ఒళ్లు విల్లులా వంగింది!

"బుజ్జమ్మా!"

లోహిత గిరుక్కున తిరిగింది. ప్రపంచంలో ఆమెను ఆ పేరుతో పిలిచే మనిషి అమ్మ ఒక్కతే. ఆ గొంతు కూడా అమ్మదే.

"బుజ్జమ్మా... గొంతులో గొట్టమేసినారే... సేతులు మంచానికి కట్టేసినారే... ఎవురో నన్ను కాళ్ల కాడినుంచి లాగతా ఉండారే! ఊపిరాడ్డం ల్యా!"

లోహిత తెర వైపు చూసింది. ఇరవై ఆరు. సిద్ధమ్మ గొంతులోంచి గురక. ఇరవై ఏడు. మళ్లీ గురక. అంకె మారినప్పుడల్లా అమ్మ మూలుగుతోంది. అర్థం కావడానికి ఇంకేం కావాలి? కారులోకి ఎక్కుతున్నది కరెంటు కాదు!

ఆమె అరుస్తూ గన్ను మీద పడింది. లాగింది. కదల్లేదు. మిషను మీది ఎర్ర బొత్తాన్ని పిడికిలితో గుద్దింది, పదిసార్లు గుద్దింది. దీపమైనా ఆరలేదు. గన్ను ఇరుక్కుంటే డిక్కీలో చాప కింద ఒక తీగ ఉంటుంది, దాన్ని లాగితే ఊడుతుందని కారు కొన్ననాడు చెప్పారు. పరుగెత్తి చాప పీకి తీగ పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. తీగ పుటుక్కున తెగి అరచేయి చీరుకుపోయింది.

"తియ్యి! నీ కాళ్లు మొక్కతా, తియ్యి! నాకు కారొద్దు, బస్సులో పోతా!"

గుణశేఖర్ వికటంగా నవ్వాడు! "పేరు నువ్వే ఇచ్చినావు, నచ్చత్రం నువ్వే ఇచ్చినావు. నేను యాడన్నా బలవంతం సేసినానా? ఆయమ్మకు ఈ రేత్రి దాకా మిగిలిన కాస్త ఆయుస్సు, దాంట్లో నాకో సగం. నీ బండీ నిండతాది, నేనూ నిండతాను. ఊరికే అరిసి గొంతు పోగొట్టుకోవద్దు."

నలభై... నలభై నాలుగు... లోహిత సిద్ధమ్మ ముందు కూలబడి ఆమె మొహాన్ని రెండు చేతుల్లోకి తీసుకుంది. నెత్తురు ఆ చెంపలకు అంటుకుంది.

"అమ్మా, నేనే చేసినానమ్మా! నీ పేరు నేనే చెప్పినాను! నీకు మంచి జరగాలని చెప్పినానమ్మా!"

తెల్లని ఆ కళ్లు ఆమె వైపు తిరిగాయి. గురక కాసేపు నిలిచింది.

"ఏడవొద్దే... పొద్దుననుంచి ఏమన్నా తిన్న్యావా?"

"లేదమ్మా..."

"సూడు, మొగం ఎట్ల వాడిపోయుండాదో. నేను ఎట్లైనా పోయేదాన్నే బుజ్జమ్మా. వాడితో నీకెందుకు తగువు? ఇంటికి పోయి రోంత అన్నం తిను. నా ఆయుస్సు గూడా పోసుకోని సల్లంగా ఉండు తల్లీ."

"వద్దు!" గుణశేఖర్ పులి అరుపు అరిచాడు! "ఆ మాట అనొద్దు! నోరు ముయ్యి!"

ఆలస్యమైపోయింది. బిడ్డ తుమ్మినా, తప్పటడుగు వేసి పడినా మన తల్లులు అనే మాటే అది. రోజుకు నాలుగుసార్లు అని మరిచిపోతారు. కానీ దొంగిలించిన ఆయుష్షు మీదనే మంత్రగాడికి అధికారం! తల్లి తన నోటితో బిడ్డకు పోసేసిన ఆయుష్షులో వాడికి వాటా లేదు! ఆ సంగతి మంత్రాలు నేర్పిన గురువు మొట్టమొదటి రోజునే వాడికి చెప్పాడు. నూటముప్పై ఏళ్లలో వాడికి ఎదురుకాలేదు, అంతే.

యాభై... డెబ్భై... తొంభై! మిషను బుసలు కొట్టింది! కారులోకి పోతున్న ప్రవాహం దిమ్మె కిందికి తన్నుకొచ్చి, వాడు దాచుకున్నదంతా కడిగేసుకుంటూ పైకి ఎగసింది! ఫెళ్లుమని కపాలం పగిలింది! గుణశేఖర్ జుట్టు ఒక్క క్షణంలో తెల్లబడింది... పళ్లు రాలాయి... నడుము వంగింది... చర్మం ఎముకలకు అతుక్కుంది... "ఇంగొక్క ఏడు! ఒక్క ఏడియ్యండి!" అంటూ ఎండిన చేతులు చాపాడు. ఎవరిచ్చేది? పిడుగు దిమ్మె నడినెత్తిన పడింది! పొగ తేలేసరికి అక్కడ చొక్కా ఉంది, పంచె ఉంది, వాటిలో రెండు గుప్పెళ్ల బూడిద ఉంది. వాన వచ్చి దాన్నీ కడిగేసింది.

టక్కుమని గన్ను దానంతటదే ఊడింది. సిద్ధమ్మ కళ్లు తెరిచి, ఎన్నేళ్ల తరువాతనో తన సొంత గొంతుతో ఏడవడం మొదలుపెట్టింది. లోహిత ఆమెను పట్టుకుని కుదిపింది.

"అమ్మా! అమ్మా, ఇంకొక్క మాట!"

"నేను సిద్ధమ్మనమ్మా" అంది ఆ మనిషి. "మీయమ్మ ఈడ లేదు."

దుష్టుడు చచ్చాడు. లోకానికి మంచిదే జరిగింది. అది లోహితకు ఎందుకు పనికొస్తుంది? ఫోన్ మోగుతోంది. ఎత్తకముందే ఆమెకు తెలుసు. మునిప్రసాద్ ఒక్క మాటే చెప్పి ఏడ్చేశాడు.

తెర మీద పచ్చగా నూరు శాతం.

ఆమె తిరుపతి వైపు బండి పోనిచ్చింది. వాన పడుతున్నా అద్దాలు ఎత్తలేదు, ఎత్తడానికి చార్జింగ్ కావాలి. చొక్కా తడిసింది, సీటు తడిసింది. వెనుక లారీలు హారన్లు కొడుతున్నా నలభై దాటనివ్వలేదు. తొంభై తొమ్మిది అయినప్పుడు బండి పక్కకు ఆపేసి తెరను రెండు చేతులతో కప్పుకుని కూర్చుంది. కూర్చుంటే తిరుపతి దగ్గరికి రాదు. అమ్మను కొంచెం కొంచెంగా ఖర్చు పెట్టుకుంటూ తప్ప అమ్మను కడసారి చూసే దారి లేదు. మళ్లీ కదిలింది.

ఆస్పత్రి గేటు లోపల కారు ఆగేసరికి ఎనభై నాలుగు. వెలుతురు ఇంకా పూర్తిగా పోలేదు. మునిప్రసాద్ వానలో పరుగెత్తుకొచ్చి తలుపు తీశాడు.

"దిగక్కా. ఇంగా మార్చురీకి తీసకపోలేదు, నీకోసరమే ఆపినారు. రా, అమ్మ ఆడుండాది."

లోహిత దిగలేదు. తెగిన అరచేతిని స్టీరింగ్ మీద పరిచి, నిద్రపోతున్నవాళ్లను నిమిరినట్టు నిమిరింది.

"ఆడ లేదురా మునీ" అంది. "ఈడుండాది."

దుఃఖంలో అక్కకు మతి చలించిందనుకున్నాడు వాడు. ఆమె భుజం పట్టుకుని మెల్లగా కిందికి దించాడు.