ఉప్పుదొర చర్చిలో ఏడుపు

పూండి స్టేషన్ నుంచి సముద్రం వైపు పోయే దారిలో, జీడితోటలు దాటాక, మొగలి పొదల వెనక ఓ చిన్న రాతి చర్చి ఉంది. ఉప్పుదొర చర్చి అంటారు. దీపాలు పెట్టే వేళ దాటితే ఆ దారిన ఎవరూ పోరు. తప్పక పోయినవాళ్ళు చెప్పేది ఒకటే... లోపల ఆడమనిషి ఏడుస్తూ ఉంటుంది.

పగలు మాత్రం వెళ్ళండి. చూడాల్సిన కట్టడం. నూటపాతికేళ్ళు దాటింది. ఓ కరువు ఏడాది, ఉప్పు కొటార్ల మీద అధికారిగా ఉన్న ఇంగ్లీషు దొర కట్టించాడు. రాయి టెక్కలి కొండల నుంచి బళ్ళ మీద వచ్చింది, టేకు దూలాలు బర్మా నుంచి ఓడలో. కిటికీలకి నీలం, ఎరుపు గాజు పలకలు — సగం ఇంకా ఉన్నాయి. పొద్దుటి ఎండకి నేలంతా రంగులు పడతాయి.

గుమ్మం మీద దొర పేరుంది. జ్వరంతో పోయిన దొరసాని సమాధి వెనకాల ఉంది. దాని మీదా పేరుంది. గంజినీళ్ళ కోసం ఆ రాళ్ళు మోసి, మోస్తూ మోస్తూ పోయిన మనవాళ్ళ పేరు ఒక్కటీ... ఏ గోడ మీదా లేదు. నేను వెతికాను. అందుకే ఆ చర్చిని చూస్తే నాకు ముచ్చటేస్తుంది, ఒళ్ళూ మండుతుంది.

సరే. ఆ రాత్రి సంగతి మా రామూర్తి మావ చెప్పగా విన్నది. మావకి ఆటో ఉంది.

ఢిల్లేశ్వరరావుది ఆ పక్క ఊరే. కొబ్బరి రైతు. నలభై రెండేళ్ళకే రెండు కిడ్నీలూ పోయాయి. రెండేళ్ళుగా సోమవారం, లక్ష్మివారం మావ ఆటోలో పలాస వెళ్ళి డయాలసిస్ చేయించుకుని వచ్చేవాడు. మా ఉద్దానం ఊళ్ళల్లో ఈ కిడ్నీ రోగం కొత్తా? ఎవరెవరో వచ్చారు. నీళ్ళు సీసాల్లో పట్టుకుపోయారు, రక్తం పట్టుకుపోయారు. ఎందుకొస్తోందయ్యా ఈ రోగం అంటే — ఇందుకని తేల్చి చెప్పినవాడు లేడు.

ఢిల్లేశ్వరరావు తల్లి బొడ్డమ్మ మాత్రం తేల్చేసింది.

"దొరసాని ఏడుపు ఇన్నోళ్ళ ఇంట్లో మగోడు మిగల్డు. ఆ పక్కకి పోకండి."

రెండేళ్ళుగా ఊరంతా ఇదే మాట.

ఆ సోమవారం పలాస నుంచి వచ్చి ఢిల్లేశ్వరరావు దోమతెరలో దూరాడు. నిద్రపోయాడనుకున్నారు ఇంట్లో. భార్య దుర్గాదేవి డ్వాక్రా మీటింగని చెప్పి వెళ్ళింది. అతను పెరటి దారిన బయటపడి, గునపం భుజాన వేసుకుని మావ గుమ్మం ముందు నిలబడ్డాడు.

"లైటు పట్టు బావా. ఆ చర్చి ఈ వేళ కూల్చీత్తాను."

"మతి పోయిందేటి? పొద్దున్నంతా సూదుల మీద ఉన్నావు..."

"నీళ్ళని కొట్టగల్నా? గాలిని కొట్టగల్నా? కొట్టడానికి నాకొక గోడ గావాల. అంతే."

మావ టార్చిలైటు తీసుకుని బయల్దేరాడు.

అమావాస్య దగ్గర రోజులు. జీడాకులు కాళ్ళ కింద పటపటమంటున్నాయి. పదడుగులకోసారి ఢిల్లేశ్వరరావు ఆగి ఆయాసపడుతున్నాడు... మళ్ళీ నడుస్తున్నాడు. ఎక్కడో సముద్రం హోరు. మొగలి పొదల దగ్గరకొచ్చేసరికి —

వినిపించింది.

సన్నగా... గొంతులో గుడ్డ కుక్కుకున్నట్టు... ఆగి, మళ్ళీ ఎత్తుకుని...

మావ అతని చెయ్యి పట్టుకుని వెనక్కి లాగాడట. "ఎల్దాం రా బావా... ఎల్దాం..."

ఢిల్లేశ్వరరావు వినలేదు. తలుపు ఒక్క తన్ను తన్నాడు. లోపల గబ్బిలాలు లేచాయి. ఏడుపు టక్కున ఆగిపోయింది.

మావ చేతిలో లైటు ముందుకు పాకింది... విరిగిన బల్లలు... ఆ చివర రాతి మెట్టు... మెట్టు మీద ముసుగేసుకుని, ముడుచుకుని — ఆడమనిషి.

"ఎవులే నువ్వు?" ఢిల్లేశ్వరరావు గునపం ఎత్తాడు.

ముసుగు జారింది.

దుర్గాదేవి!

ఆమె లేచి, గునపానికి ఎదురొచ్చి నిలబడింది.

"కొట్టు. ముందు నన్ను కొట్టు, ఆనక గోడ."

"ఇక్కడేటి సేత్తన్నావే..."

"ఏడుత్తన్నాను! ఇంట్లో ఏడిత్తే బతికున్నోడికి సావు పిలుత్తన్నావని మీయమ్మ తిడతాది. నీ ముందు ఏడిత్తే సెంబు ఇసిరేత్తావు. తోటలో ఏడిత్తే ఊరు సూత్తాది. దెయ్యం కూడా ఏడుత్తాదన్నారు గదా — ఏడిసీదాన్ని నన్నేటి సేత్తాదిలే అని ఒచ్చీసినాను. రోగం నీకొక్కడికే ఒచ్చిందనుకున్నావేటి?"

గునపం నేల మీద పడింది. ఢిల్లేశ్వరరావు ఓ బల్ల మీద కూలబడ్డాడు. డయాలసిస్ మొదలైన నాటి నుంచి కంట నీరు పెట్టని మనిషి, రెండు చేతుల్లో మొహం పెట్టుకున్నాడు. ఆమె వచ్చి పక్కన కూచుంది. భుజం మీద చెయ్యి వెయ్యలేదు. కూచుంది, అంతే.

"లైటు ఆర్పీ అన్నయ్యా," అంది. "ఊరంతా సూత్తాది."

మావ ఆర్పాడు. చీకట్లో ఢిల్లేశ్వరరావు అడిగాడు.

"రెండేళ్ళ నుంచీ ఇలాగే వత్తన్నావా?"

"రెండేళ్ళేటి? కిందటి మీటింగు నాడు ఒకసారి... ఈ వేళ ఒకసారి."

మావ గుమ్మం వైపు తిరిగాడు. మరి... ఇన్నాళ్ళూ ఏడ్చిందెవరు?

అప్పుడే బయట జీడాకుల చప్పుడయింది.

ఒక అడుగు... ఇంకో అడుగు... తిన్నగా చర్చి వైపే. దీపం లేదు. దారి బాగా తెలిసిన నడక. తెల్లకోక ఒకటి చీకట్లోంచి వచ్చి, గుమ్మంలో ఆగి, ఆ గుమ్మం మెట్టు మీదే కూలబడింది. గుండెలు బాదుకుంది.

"నా తండ్రీ... నా కంటే ముందు పోతావేట్రా... నా తండ్రీ..."

ఢిల్లేశ్వరరావు బల్ల మీంచి లేచాడు.

"అమ్మా..."

మావ లైటు వేశాడు. బొడ్డమ్మ కేక పెట్టి లేచింది. కొడుకుని చూసింది, కోడల్ని చూసింది. తడి మొహం మీదే కోపం ఎర్రగా ఎక్కింది.

"ఇద్దరూ ఇక్కడే సేరినారేటర్రా! దెయ్యముందని ఊరందర్నీ బెదిరించి, ఒక్క సోటు దాసుకున్నాను... ఒక్క సోటు! మరింక నానెక్కడికి పోవాల?"