రంగుటద్దంలో తలుపు

ఆ చర్చి కిటికీలో ఏం చూశారో ముందు మీరు చెప్పండి. నాకు నచ్చజెప్పొద్దు. చూసింది చెప్పండి, చాలు.

ఆ రంగుటద్దాల్లో ఉన్నది బైబిల్లోని కన్యకల కథ. దీపాల్లో నూనె ఉన్నవాళ్లు పెళ్లింట్లోకి వెళ్లారు. లేనివాళ్లు కాస్త పొయ్యమంటే పోయలేదు; కొనుక్కొచ్చేసరికి తలుపు మూసేశారు. మూసిన తలుపు, దాని ముందు నిలబడ్డ ఆడవాళ్లు... కిటికీ నిండా అదే. అలాంటి తలుపుల ముందు నిలబడి బతికినదాన్ని నేను. ఆ బొమ్మంటే ఒళ్లు మండేది.

చెల్లీ నేనూ ఆ చర్చి తుడిచేవాళ్లం. కిటికీకి ఆనించి వెనక హాలు గోడ కట్టేశారు. పట్టపగలు కూడా అద్దం నల్లగానే ఉండేది.

ఆ సాయంత్రం చెల్లి అద్దం తుడుస్తూ, "కాస్త నూనె పోస్తే వాళ్ల సొమ్మేం పోయేదే అక్కా? నువ్వైతే పోసేదానివి" అంది.

"పోసి నాలుగు తిట్టేదాన్ని. నీళ్లు మార్చుకురా, ఫో."

నవ్వుకుంటూ బకెట్టు పట్టుకుని వెళ్లింది. దాని వెనకే తలుపు మూసుకుపోయింది.

కరెంటు పోయింది. తడి చెక్క వాసన. తడుముకుంటూ వెళ్లి తలుపు లాగాను. రాలేదు. తోశాను. కదల్లేదు.

అప్పుడొచ్చింది, వత్తి కాలే వాసన.

తిరిగి చూశాను. కిటికీ వెలుగుతోంది. ఎర్రగా, పచ్చగా... గోడ ఉన్న వైపు నుంచి.

"అక్కా..."

తలుపు దగ్గర్నుంచి కాదు. అద్దంలోంచి.

"తలుపు తియ్యవే. చలేస్తోంది."

"నాకు రావట్లేదే! నువ్వు అటునుంచి తొయ్యి!"

"తొయ్యడానికి ఇది తలుపు కాదక్కా... బొమ్మ."

చీపురు కర్ర ఎత్తాను, అద్దం పగలగొడదామని.

"కొట్టకక్కా!" గుసగుస. "కొడితే... మేమందరం..."

వెలుగు ఆరిపోయింది. తెల్లవార్లూ పిలిచాను. పలకలేదు.

పొద్దున పాస్టరుగారు వేలితో తోస్తే తలుపు తెరుచుకుంది. చెల్లి ఎవరితోనో వెళ్లిపోయిందన్నారు. దాని చెప్పులు గుమ్మం పక్కనే ఉన్నాయి. "చెప్పుల్లేకుండా వెళ్లిందా?" అని అరిచాను. నన్నే పిచ్చిదన్నారు. మళ్లీ గడప తొక్కనివ్వలేదు.

ఇన్నేళ్లకు మొన్న ఆ హాలు పడగొట్టారట. ఎండలో బొమ్మ నిగనిగలాడుతోందట. ఇప్పుడు నన్నెవరూ ఆపరు. కానీ నాకు చూపు పోయింది.

అందుకే మిమ్మల్ని అడుగుతున్నా. ఆ ఆడవాళ్లలో చివర నిలబడ్డదాని చేతిలో ఉన్నది దీపమేనా... బకెట్టా?