ప్రాణం లేదన్నాడు

ఉదయం నుంచీ ఒకటే ముసురు. సాయంత్రమైనా కాకముందే పాకలో చీకట్లు కమ్ముకున్నాయి. పశువుల డాక్టరు చొక్కా విప్పి తగిలించి, భుజం దాకా సబ్బు నురుగు పట్టించుకుంటూ ఆవుతో పరాచికాలాడుతున్నాడు.

"ఏవమ్మా, నీకు ఇవాళే కుదిరిందా? అవతల మా మేనకోడలి పుట్టినరోజు. వెళ్ళకపోతే మా అక్క నన్ను మళ్ళీ గడప తొక్కనిస్తుందా?"

ఆవు గలావిడ నవ్వలేదు. మొగుడు పోయాక ఆవిడకి మిగిలిన తోడు ఈ ఆవొక్కటే. పొద్దుటి నుంచీ నొప్పులు పడుతోంది, దూడ మాత్రం రావడం లేదు. ఆవు మెడ నిమురుతూ నిలబడి, "రెండు ప్రాణాలూ దక్కించండి బాబూ. మీదే భారం," అంది.

"నేనొచ్చాగా పిన్నిగారూ, నిశ్చింతగా ఉండండి," అంటూ చెయ్యి లోపలికి పోనిచ్చాడు.

కాళ్ళు దొరికాయి. నాలుగూ ఒక్కచోటే, కీళ్ళు బిగుసుకుపోయి. వెన్ను వెనక్కి వంగిపోయి తల తోకను తాకుతోంది. ఇంకాస్త లోపలికి పోతే మెత్తగా పేగులు చేతికి చుట్టుకున్నాయి. ఆవు గర్భసంచి చిరిగి దాని పేగులు గానీ జారాయా అనుకున్నాడు. కాదు, పేగులు దూడవే. దాని పొట్ట మూసుకోలేదు. ఇలాంటివి అరుదుగా పుడతాయి. ఎవరి తప్పూ ఉండదు, కడుపులోనే ఎందుకో అలా తయారవుతాయి, అంతే.

అప్పుడు అరచేతికి ఏదో తగిలి కొట్టుకుంది. ఆగి, మళ్ళీ కొట్టుకుంది. దూడ గుండె. పైన చర్మం లేదు, ఎముక లేదు.

"ప్రాణం ఉందా బాబూ?"

ఉందంటే ఆవుకి మత్తిచ్చి, డొక్క కోసి, దూడని బయటికి తీసి, బాధ తెలియకుండా సూదితో నిద్రపుచ్చాలి. చాలా పొద్దుపోతుంది. లేదంటే తీగరంపంతో లోపలే ముక్కలు చేసి లాగేసి, కేకు కోసే వేళకి అక్కింట్లో ఉండొచ్చు.

"లేదమ్మా. లోపలే పోయింది," అన్నాడు. ఎంత సులువుగా వచ్చేసిందో ఆ మాట!

ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నావల్లేనా? మేతలో ఏమన్నా తేడా చేశానా?"

కాదు అనడానికి ఎంతసేపు? కానీ కాదంటే మరెందుకు అని అడుగుతుంది, కూర్చుని వివరించాలి. "ఏ విషపు మొక్కో తినుంటుంది. మీరే చూసుకోవాల్సింది," అనేశాడు మహానుభావుడు. ఆవిడ ముఖం పాలిపోయింది.

అంతటితో ఆగాడా? లోపల తీగ జరగకుండా ఒకరు పట్టుకోవాలి, బయట నుంచి ఇంకొకరు లాగాలి. రంపం పిడులు ఆవిడ చేతికే ఇచ్చాడు. "లాగండి పిన్నిగారూ. పోయిందేగా, దానికేం తెలుస్తుంది?"

ఆవిడ కళ్ళు మూసుకుని లాగింది. గర్... గర్... లోపల అతని వేళ్ళ మధ్య గుండె వేగం పెరిగింది. తప్పించుకోవాలని చూస్తున్నట్టు అటూ ఇటూ జారింది. "ఇంకా లాగనా?" అంది ఆవిడ. "లాగండి," అన్నాడు. కాసేపటికి కొట్టుకోవడం ఆగింది.

ముక్కలన్నీ గోనెసంచిలో వేశాడు. రెండో దూడ ఉందేమో, లోపల చిరుగులున్నాయేమో చూడటానికి అలవాటుగా మళ్ళీ చెయ్యి పెట్టాడు. ఖాళీ. మూలమూలలా తడిమాడు. ఏమీ లేదు.

అరచేతికి ఏదో తగిలి... కొట్టుకుంది.

గుప్పిట మూశాడు. గుప్పిట్లో ఏమీ లేదు. కానీ కొట్టుకుంటోంది... ఆగి... మళ్ళీ.

చటుక్కున చెయ్యి లాగేసుకున్నాడు. "ఇంకోటుందా బాబూ?" అంది ఆవిడ ఆశగా.

"లేదు, లేదు. ఇంక మావి పడటమే." సరిగా కడుక్కోకుండానే చొక్కా తొడుక్కుని బండెక్కాడు. వెనక నుంచి ఆవిడ దణ్ణం పెట్టడం అద్దంలో కనబడింది. అతనికి తల కొట్టేసినట్టయింది.

మలుపు దాటాడో లేదో ముందుకు వెళ్ళలేకపోయాడు. ఛీ, ఏం బతుకు ఇది! ప్రాణమున్నదాన్ని, పెంచుకున్న మనిషి చేతే కోయించాడు. పైగా తప్పు ఆవిడ నెత్తిన రుద్దాడు. ఏ ముఖం పెట్టుకుని కేకు తింటాడు? కనీసం 'మీ తప్పేం లేదు' అని చెప్పి రావాలి. తిట్టనీ, కొట్టనీ. సిగ్గుతో చచ్చిపోతూ బండి వెనక్కి తిప్పాడు.

పాకలో దీపం లేదు. నెత్తురు వాసన పోయి పాల వాసన వేస్తోంది. గుమ్మం పక్కన గోనెసంచి పొడిగా, మడత పెట్టి ఉంది.

లోపల నుంచి చప్పుడు. చప్... చప్... చప్...

"పిన్నిగారూ," అన్నాడు గుమ్మంలోనే ఆగి. "మీతో అబద్ధం చెప్పాను. అప్పుడు దానికి ప్రాణం ఉంది. తెలిసే మీచేత కోయించాను. మేత వల్ల కాదు... మీ తప్పు ఆవగింజంత కూడా లేదు."

"ష్..." అంది ఆవిడ చీకట్లోంచి. "పాలు తాగుతోంది."

టార్చి వెలిగించాడు.

ఆవు పొదుగు కింద దూడ నిలబడి ఉంది. వంకర కాళ్ళ మీదే. మెడ చుట్టూ కుట్లు... నడుం చుట్టూ కుట్లు... తొడల మీద. వరసగా, పొందిగ్గా. ముడులన్నీ ఎడమవైపుకి పడ్డాయి. ఎడమచేతి వాటం వాడు వేసిన ముడులు. అతనిది ఎడమచేతి వాటమే. కానీ కుట్ల సామాను పెట్టె బండికి కట్టింది కట్టినట్టే ఉంది. ఇవాళ దాన్ని తెరవనే లేదు.

"నేను కోసినవన్నీ మీరు కుట్టేశారు బాబూ," అంది ఆవిడ గుసగుసగా, ఎంతో మురిపెంగా. "పొట్ట దగ్గరొక్కటే వదిలేశారు. రండి."

దూడ పొదుగు వదిలి అతని వైపు తల తిప్పింది.

ఆవిడ కాస్త పక్కకి జరిగి అతనికి చోటిచ్చింది.