చీకటి గదిలో పిడుగు

ఉదయం నుంచి ఆ ఇల్లాలికి కాలు నిలవడం లేదు! వంటింట్లోంచి పడకగది గుమ్మం దాకా, అక్కణ్ణించి మళ్ళీ వంటింట్లోకి... పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా పట్టించుకోలేదు. ఆ గదిలో ఆమె మూడేళ్ళ కూతురు, అల్లరికి తట్టుకోలేక ఇంటిల్లిపాదీ పిడుగు అని పిలుచుకునే పిల్ల, తట్టు పోసి వారంగా మంచం మీదే ఉంది. కిటికీలకు దుప్పట్లు కట్టి, గుమ్మంలో కుర్చీ వేసుకుని అత్తగారు కాపలా కాస్తోంది.

"దద్దుర్లు తగ్గాయి కదమ్మా. నిద్రపోనీ."

"నిద్రలో అంత ఆయాసమేంటత్తయ్యా? తగ్గిన జ్వరం మళ్ళీ వచ్చింది. ఒక్కసారి కిటికీ దుప్పటి తీసి చూస్తాను."

"వద్దు. ఇదే జబ్బులో నీ ఆడపడుచుని ఎండలోకి ఎత్తుకెళ్ళాను. కన్ను పోయింది. ముప్పై ఏళ్ళుగా ఆ పాపం మోస్తున్నాను..."

భర్త బస్సు తోలడానికి వెళ్ళాడు, సాయంత్రానికి గానీ రాడు. ఆరేళ్ళ కాపురంలో ఆమె ఏనాడూ అత్తగారి మాట జవదాటలేదు. ఈరోజు మాత్రం కుర్చీ పక్కనుంచి దూసుకెళ్ళి దుప్పటి లాగేసింది. వెలుతురు పిల్ల మీద పడింది. ఊపిరి తీసినప్పుడల్లా పక్కటెముకల కింద గుంట పడుతోంది. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆమె పిల్లను భుజాన వేసుకుని బయటపడింది. అత్తగారు చెప్పులు కూడా వేసుకోకుండా కోడలి వెనకే ఆసుపత్రికి పరిగెత్తింది.

"తట్టు వల్ల ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరింది," అంటూ డాక్టరమ్మ పిల్లకు ఆక్సిజన్ పెట్టించింది. "దద్దుర్లు తగ్గాక మళ్ళీ జ్వరం, ఆయాసం వస్తే గంట కూడా ఆగకూడదు."

"వెలుతురు పడితే కళ్ళు పోతాయని..."

"వెలుతురుకి కళ్ళు మండుతాయి, అంతే. చూపు తీసేది జబ్బేగానీ ఎండ కాదమ్మా."

అత్తగారు అక్కడే నేల మీద కూలబడింది. తను చెయ్యని పాపానికి ముప్పై ఏళ్ళు ఏడ్చింది... ఆ భయంతోనే మనవరాలి ఊపిరి మీదకు తెచ్చింది! రెండు రోజులు ఆమె మంచం దగ్గరకు రాలేదు, వరండాలోనే ఉండిపోయింది.

మూడో రోజు పొద్దున పిల్ల కళ్ళు తెరిచి నీళ్ళడిగింది. కోడలు తాగించి వరండాలోకి వచ్చింది.

"ఇంటికెళ్ళి స్నానం చేసి వస్తాను. పిల్ల దగ్గర కూర్చోండి అత్తయ్యా."

"నన్ను నమ్మి వదిలేస్తావా తల్లీ?"

"ఇంకెవరిని నమ్మమంటారు?"

అత్తగారు కళ్ళు తుడుచుకుని లోపలికి వెళ్ళి, మనవరాలి ఛాతీ మీద మెల్లగా చెయ్యి వేసింది.