మనిషి ఉండాలన్న షరతు

లాడ్జి నడిపేవాడికి దెయ్యాలకన్నా ఇన్సూరెన్సువాళ్ళంటేనే భయం ఎక్కువ. మొన్నటిదాకా నేనూ అంతే.

హైదరాబాదు పాతబస్తీ మొఘల్‌పురాలో మా నాన్న కట్టించిన లాడ్జి నాది. కింద కౌంటరు, పైన రెండు అంతస్తుల్లో గదులు. గాజుల బేరానికి వచ్చే వ్యాపారులు, పెళ్ళిబట్టలు కొనడానికి జిల్లాల నుంచి దిగే కుటుంబాలు ఒకప్పుడు గది దొరక్క మెట్ల మీదే కూర్చునేవాళ్ళు. ఇప్పుడు వాళ్ళంతా ఫోన్లో చూసుకుని ఏసీ హోటళ్ళకు పోతున్నారు. దానికి తోడు మెట్ల దగ్గర పాత వైరింగు ఒకసారి పొగ చిమ్మింది. ఇక లాభం లేదని లాడ్జి మూసేసి అమ్మకానికి పెట్టాను. నాకున్న ఆస్తి అదొక్కటే. పక్కనే దూది పరుపుల గోదాము. అక్కడ ఎవడో బీడీ ముక్క పారేస్తే చాలు, నా బతుకు బూడిద. అందుకే బేరం కుదిరేదాకా పాలసీ బతికి ఉండాలి.

అది బతకాలంటే లాడ్జి లోపల మనిషి ఉండాలట. మా ఏజెంటు ప్రేమ్‌రాజ్ ఆ మాట చల్లగా చెప్పాడు.

“కాకా, బిల్డింగు నెల దాటి ఖాళీగ ఉన్నదనుకో, రేపు ఏమన్న అయితే కంపెనీ పైసా ఇయ్యదు. రోజూ ఎవరో ఒకరు అండ్ల పండుకోవాలె.”

“మూసేసిన లాడ్జిల ఎవడు పంటడయ్యా?”

“ఆ ఫికర్ నీది కాకా. కాయిదంల మనిషి ఉండాలని ఉన్నది, అంతే.”

ఎల్లప్ప అనే వాచ్‌మన్‌ను పెట్టాను. వారం తిరక్కుండానే తాళాల గుత్తి తెచ్చి కౌంటరు మీద పెట్టేశాడు. “సేట్, మీకు మనిషే కావాలె గదా? లోపల ఒకాయన ఉండనే ఉన్నడు. నేనెందుకు దండుగ?” అన్నాడు. తాగొచ్చాడనుకున్నాను. “ఆయన జీతం అడగడు గదా, ఇంకా మంచిదే” అని వెక్కిరించి పంపేశాను. నా నోటికి హద్దూ పద్దూ ఉండదని నా భార్య సుశీల ఊరికే అనేది కాదు.

సుశీల పోయి చాలా కాలమైంది. కూతురు శ్రీహిత చాంద్రాయణగుట్టలో ఉంటుంది. రోజూ ఫోను చేసి పోరేది. “బాపూ, ఆ పాడుబడ్డ కొంపల ఒక్కనివి ఏం చేస్తవు? మా దగ్గరికి రా. స్రవ్య తాత ఏడీ, తాత ఏడీ అని పాణం తీస్తున్నది.” స్రవ్య నా మనవరాలు, ఒకటో తరగతి. ఆ పిల్ల దగ్గరికి పోవాలని నాకు మాత్రం ఉండదా? కానీ నేను పోతే లాడ్జి ఖాళీ అవుతుంది. ఇంకో మనిషి దొరికేదాకా తప్పదని, కౌంటరు వెనక గదిలో నవారు మంచం వేసుకుని నేనే దిగాను.

ఒంటరితనం గురించి చాలామంది చాలా చెబుతారు. అది ఎలా ఉంటుందో చూడాలంటే మూసేసిన లాడ్జిలో ఉండి చూడాలి. సాయంత్రం బజారులో ఒక్కొక్క షట్టరూ దిగుతుంది. అజాన్ అయిపోతుంది. ఆ తర్వాత పైనున్న గదులన్నీ ఒకేసారి గుర్తుకొస్తాయి. ఒక్కో గదిలో ఒక్కో మంచం, చుట్టి పెట్టిన పరుపు, ఎవరూ చూసుకోని అద్దం. తడిసిన సున్నం వాసన, పాత దిండ్ల వాసన మెట్ల మీదుగా దిగి నా గదిలోకి వచ్చేవి. నేను టీ పెట్టుకుని గోడలతో మాట్లాడేవాణ్ణి. గోడలు బేరమాడవు, అదొక్కటే సుఖం.

ఒక సాయంత్రం మెట్ల దగ్గర ఎవరో చెప్పులు విడిచినట్టు వినిపించింది. అలికిడి అయితే లాడ్జివాడి నోట వచ్చే మాట ఒక్కటే. తలైనా ఎత్తకుండా, “రండి రండి, గదులు ఖాళీగానే ఉన్నాయి” అనేశాను. తలెత్తి చూస్తే ఎవరూ లేరు. నా పిచ్చికి నేనే నవ్వుకున్నాను. నిజం చెప్పొద్దూ, నిజంగానే ఎవరైనా వచ్చి ఉంటే బాగుండుననిపించింది.

ప్రేమ్‌రాజ్ ఇంకో పని కూడా అంటగట్టాడు. రోజూ సాయంత్రం గదిలో కూర్చుని నా ఫొటో నేను తీసుకుని అతనికి పంపాలి. రేపు నష్టపరిహారం అడగాల్సి వస్తే, లోపల మనిషి ఉన్నాడనడానికి సాక్ష్యమట. నాకు ఆ విద్య చేతకాదు. సగం ముక్కు, సగం ఫ్యాను వచ్చేవి. కళ్ళద్దాలు పెట్టుకుని చూసే ఓపిక లేక, నొక్కడం, పంపడం, అంతే.

అలా కొన్నాళ్ళు గడిచాక, ముసురు పట్టిన ఒక సాయంత్రం ప్రేమ్‌రాజ్ ఫోను చేశాడు.

“కాకా, ఫొటోలు మస్తు వస్తున్నయి ఈ నడుమ. ఎవరు తీస్తున్నరు? మనిషి దొరికిండా?”

“మనిషా, మన్నా? నేనే తీసుకుంటున్న.”

“ఊకో కాకా, పరాచికాలు. నీ రెండు చేతులూ మోకాళ్ళ మీదనే ఉన్నయి గదా.”

అతను నవ్వుతూ పెట్టేశాడు. నేను అద్దాలు వెతికి పెట్టుకున్నాను. ఫోన్లో పాత ఫొటోలు తెరిచాను.

మొదటివి నేను తీసినవే. ముక్కు, ఫ్యాను. ఆ తర్వాతది... గుమ్మం బయటి నుంచి తీసినది. నేను మంచం మీద కూర్చున్నాను. చేతులు మోకాళ్ళ మీద ఉన్నాయి. ఎవరో నవ్వమంటే నవ్వినట్టు కొంచెం నవ్వుతున్నాను కూడా. సుశీల పోయాక నన్ను ఇంత శ్రద్ధగా ఎవరూ ఫొటో తీయలేదు.

మరుసటి రోజుది గడప లోపలి నుంచి. ఆ మరుసటిది ఇంకా దగ్గరగా. తర్వాతది మంచం కాళ్ళ దగ్గర నిలబడి తీసినట్టుంది. రోజురోజుకూ నా ముఖం పెద్దదవుతోంది. నాకు మాత్రం ప్రతిరోజూ ఫోను నా చేత్తో పట్టుకుని నొక్కినట్టే గుర్తు.

నిన్నటిది తెరిచాను. అందులో నా చెవి, చెవి పక్కన నెరిసిన వెంట్రుకలు. అంతే. అది ఎదురుగా నిలబడి తీసింది కాదు. మంచం మీద, నా పక్కన కూర్చుని తీసింది.

కరెంటు పోయింది.

వాన చప్పుడు తప్ప ఇంకేమీ లేదు. చీకట్లో ఒక వాసన... లాడ్జిలో గదికొకటి ఇస్తామే, ఆ చిన్న సబ్బు వాసన. ఎవరో అప్పుడే స్నానం చేసి వచ్చినట్టు. నెలల తరబడి ఆ సబ్బు ఎవరికీ ఇవ్వలేదు నేను.

మంచం కిర్రుమంది.

నేను కదల్లేదు. నా పక్కన నవారు మెల్లగా కిందికి దిగింది. ఆ బరువుకు నేను కూడా అటు వాలాను.

“ఎవరు...?”

చెవి దగ్గర చల్లటి ఊపిరి. తర్వాత, ఏదో పాత చుట్టం అడిగినట్టు, గుసగుసగా...

“కొంచెం జరుగు.”

జరిగాను. అరవాల్సిన చోట జరిగాను. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ అడిగినవాడికి చోటివ్వడమే నా వృత్తి, ఏం చేయను? గోడకు అతుక్కుపోయి, కళ్ళు మూసుకుని, కరెంటు వచ్చేదాకా అలాగే ఉన్నాను. వచ్చాక చూస్తే గదిలో ఎవరూ లేరు. ఫోను నా చేతిలో లేదు. పక్కన దిండు మీద ఉంది. ఆ పూట ఫొటో ప్రేమ్‌రాజ్‌కు అప్పటికే వెళ్ళిపోయింది. అందులో ఏముందో నేను చూడలేదు. చూడను కూడా.

తెల్లారగానే సందు చివర టీ హోటలుకు పరుగెత్తాను. దాని యజమాని బాబూమియా, నేను చిన్నప్పుడు కలిసి గాలిపటాలు ఎగరేసినవాళ్ళం. జరిగిందంతా దాచకుండా చెప్పాను. అతను బిస్కెట్టు చాయ్‌లో ముంచి, అది విరిగిపడకుండా నోట్లో వేసుకున్నాకే మాట్లాడాడు.

“జిన్ అయితే ఏంది, భూత్ అయితే ఏంది వేణూ భాయ్? నీ లాడ్జిల నేను పంట. నాకు ఎడమ చెవి అసలే వినబడది. అది వచ్చి ఏమడిగినా ఆఁ? ఆఁ? అంట. విసిగి అదే పోతది.”

ఎన్ని రోజుల తర్వాత నవ్వానో! ఇకనుంచి నా ఫొటోలు రాకపోయినా పర్వాలేదా అని ప్రేమ్‌రాజ్‌ను అడిగితే, “మనిషి ఉంటే చాలు కాకా, నువ్వే ఉండాలని ఏం లేదు” అన్నాడు. బాబూమియా ఒప్పుకుంటాడని ముందే తట్టి ఉంటే ఎప్పుడో అతని కాళ్ళు పట్టుకునేవాణ్ణి.

ఆ సాయంత్రమే బట్టలు సంచీలో కుక్కుకున్నాను. మగ్రిబ్ నమాజు ముగించుకుని బాబూమియా వచ్చాడు. తాళాల గుత్తి తీసుకుని, టార్చి పట్టుకుని ఒక్కడే పైకి వెళ్ళాడు. ఒక్కొక్క తలుపూ తీసి వేస్తున్న చప్పుడు కింద నాకు వినిపిస్తూనే ఉంది. దిగి వచ్చి చేతులు దులుపుకున్నాడు.

“ఏం లేదు భాయ్. అన్ని గదులు తిరిగిన. బిల్కుల్ ఖాళీ.”

“ఎవరూ లేరా?”

“ఒక్క పురుగు లేదు. నిన్నటిదాక ఉన్నరేమో గని, ఇప్పుడైతే ఎవ్వరు లేరు. నువ్వు బేఫికర్ పో.”

గుండెల మీద బరువు దిగింది. ఎందుకో కొంచెం వెలితిగా కూడా అనిపించింది.

రోడ్డు మీదికి వచ్చేసరికి వాన వెలిసింది. దుకాణాల దీపాలు తడి నేల మీద పడి బజారంతా పెళ్ళివారిల్లులా ఉంది. స్రవ్య ఫోను చేసింది.

“తాతా, ఎల్లినవా? నువ్వు నా పక్కనే పండుకోవాలె.”

“నీ పక్కనే తల్లీ. నువ్వు నిద్రపోకముందే వచ్చేస్త.”

ఫోను జేబులో పెట్టుకుని ఆటోను ఆపాను. “చాంద్రాయణగుట్ట” అని చెప్పి ఎక్కాను. సంచీ ఒళ్ళో పెట్టుకుని, ఒక పక్కకు జరిగి కూర్చున్నాను. ఎదురుగాలి ముఖానికి కొడుతుంటే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇకనుంచి పొద్దున లేస్తే పలకరించే నోరు ఒకటి ఉంటుంది. అన్నం ఒక్కణ్ణే తినక్కర్లేదు. ఆ సంతోషంలో దారి పొడుగునా మాట్లాడాలనే అనిపించలేదు.

ఫ్లైఓవరు దగ్గర బండ్లన్నీ ఆగిపోయాయి. డ్రైవరు రెండుసార్లు హారన్ కొట్టాడు. తర్వాత వెనక్కి తిరగకుండానే విసుక్కున్నాడు.

“పోతనే ఉన్న గదా సేట్! జల్ది జల్ది అని ఎన్నిసార్లు చెప్తరు? పాప పండుకోకముందే దించుత, ఫికర్ చెయ్యకుండ్రి.”

ఆటో ఎక్కినప్పటి నుంచి నేను నోరు విప్పలేదు.

ఆపమందామని నోరు తెరిచాను. అంతలోనే డ్రైవరు ఏదో విన్నట్టు తలూపి, “ఎడమ దిక్కు సందే గదా? సరే” అని బండి తిప్పాడు.

శ్రీహిత ఇల్లు ఆ సందులోనే.